గర్భసంచి మూతి కాన్సర్‌కి రేడియేషన్ ప్లాన్ చేసేటప్పుడు పెట్ సీటీ, డిఫ్యూజన్ ఎమ్మారై ఎట్టా వాడుకోవాలి: మొదట్నించి చివరిదాకా

నెల్లూరు, ఒంగోలు వైపు రేడియేషన్ డిపార్ట్‌మెంట్లలో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, ఫిజిసిస్టులు, పీజీ డాక్టర్ల కోసం రాస్తన్నా ఇది. పేషెంట్ ఇంట్లో కాస్త చదువుకున్న పిల్లలుంటే వాళ్ళకీ పనికొస్తది, ఎందుకంటే సగం పని స్కాన్ రోజు పొద్దున వాళ్ళ చేతుల్లోనే ఉంటది. డోసు ఎంత, ఫీల్డ్ (రేడియేషన్ పడే ఏరియా) ఎంత అనేది ఎప్పుడూ ట్రీట్‌మెంట్ చేసే డాక్టరు తేల్చాల్సిందే, ఇది చదివి ఎవరూ సొంత వైద్యం మొదలు పెట్టొద్దు.

ముందే ఒక మాట. పెట్ స్కాన్ జబ్బు ఎక్కడుందో చెప్తది, ఎంతవరకు ఉందో కరెక్టుగా చెప్పదు. కాబట్టి నోడ్స్ (లింఫ్ గ్రంథులు) ఏ లెవెల్ దాకా ఉన్నాయి, ఫీల్డ్ ఎంత పైకి పోవాలి అనేవి పెట్ చూసి తేల్చుకోండి, గడ్డ చుట్టూ గీత మాత్రం టీ2 ఎమ్మారై (అవయవాల అంచులు బాగా చూపించే రకం) మీద, ప్లానింగ్ సీటీ (రేడియేషన్ లెక్కకి మన దగ్గర తీసే సీటీ) మీద గీయండి. కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుతది.

స్టెప్ 1: స్కాన్ రాయకముందు ప్రశ్న రాయండి

కేసు షీట్ మీద ఒక లైన్ రాయాలి, ఈ స్కాన్ వల్ల ఏ నిర్ణయం మారబోతోంది అని. మామూలుగా అయితే మూడే. పెల్విస్ (పొత్తికడుపు కింది భాగం) నోడ్స్ ఉన్నాయా, ఉంటే బూస్ట్ (అక్కడికి అదనపు డోసు) ఇవ్వాలి. పైన అయోర్టా (పొట్టలో దిగే పెద్ద రక్తనాళం) పక్కన నోడ్స్ ఉన్నాయా, ఉంటే ఫీల్డ్ పైకి పెంచాలి. లంగ్స్, లివర్, మెడకాయ నోడ్ దాకా పాకిందా, పాకి ఉంటే ట్రీట్‌మెంట్ ఉద్దేశమే మారిపోద్ది. ఈ మూడిట్లో ఏదీ మారదనుకుంటే ఆ స్కాన్ ఎందుకు, పేషెంట్ డబ్బు దండగ గదా.

2018లో ఫీగో స్టేజింగ్ (ఆడవాళ్ళ కాన్సర్లకి అంతర్జాతీయ స్టేజి పద్ధతి) మారినప్పట్నించి స్కాన్‌లో నోడ్ కనిపించినా చాలు స్టేజి 3సీ అవుద్ది, పెల్విస్‌లో అయితే 3సీ1, అయోర్టా పక్కన అయితే 3సీ2. స్కాన్ చూసి చెప్పింది అని తెలిసేలాగ పక్కన చిన్న ఆర్ అక్షరం వేస్తారు, బయాప్సీతో తేలితే పీ వేస్తారు. అంటే మనం ఇచ్చే రిపోర్టుతోనే స్టేజి మారిపోతోంది, అందుకే తర్వాత వచ్చే స్టెప్పులన్నీ జాగ్రత్తగా చెయ్యాలి.

డబ్బు ఒక్క స్కాన్‌కే ఉంది అంటే ఏది ముందు అని చాలామంది అడుగుతుంటారు. నా లెక్కలో పెల్విస్ ఎమ్మారై ముందు, దాంతోపాటు పొట్ట, ఛాతీ సీటీ. గడ్డ నాలుగు సెంటీమీటర్లు దాటినా, పారామెట్రియం (గర్భసంచి మూతి పక్కనుండే కణజాలం) పట్టినా, సీటీలో అనుమానం నోడ్ కనబడినా అప్పుడు పెట్‌కి ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ పని చేస్తది. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు) కార్డులో ఏది వస్తది, ఏది చేతినించి పెట్టుకోవాలి అనేది ఆసుపత్రిలో ఆరోగ్య మిత్రని ముందే అడగండి, స్కాన్ అయినాక కాదు.

స్టెప్ 2: ఎప్పుడు తియ్యాలి

కరెంటు పెట్టడం (రేడియేషన్) మొదలవక ముందే తియ్యాలి, కీమో మొదలవక ముందు. బయట్నించి ఇచ్చే రేడియేషన్, లోపల పెట్టే రేడియేషన్ (బ్రాకీ) రెండూ కలిపి ఎనిమిది వారాల్లోపు అయిపోవాలనేది పాత నియమం, ఇప్పుడు 50 రోజులకే గురి పెడతన్నారు. ఆ గడియారం మొదటి ఫ్రాక్షన్ (ఒక రోజు ఇచ్చే విడత) రోజు నించి తిరుగుద్ది కానీ జబ్బు దాని కోసం ఆగదు గదా, పెట్ అపాయింట్‌మెంట్ కోసమని మూడు వారాలు కూర్చోబెట్టడం కంటే మంచి సీటీతో మొదలుపెట్టడం మేలు.

వయసులో ఉన్న ఆడవాళ్ళయితే నెలసరి తేదీ అడగాలి, ఇది చాలామంది మర్చిపోతారు. నెలసరి సమయంలో గర్భసంచి లోపలి పొర, నెల మధ్యలో అండాశయం ఎఫ్‌డీజీని (పెట్‌కి ఎక్కించే మందు) బాగా పట్టుకుంటాయి, అది చూసి అండాశయానికి జబ్బు పాకింది అనుకునే ప్రమాదం ఉంది. నెలసరికి వారం ముందో, అయిపోయిన కొద్ది రోజులకో తీస్తే గొడవ తక్కువ. ప్రెగ్నెన్సీ టెస్ట్ ఎట్టాగూ చెయ్యాలి. రక్తకణాలు పెంచే ఇంజెక్షన్ ఈ మధ్య వేశారా అనేది కూడా రాసుకోండి, వేసి ఉంటే ఎముకల్లో మజ్జంతా మెరిసిపోతది.

కిడ్నీల సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. గడ్డ నొక్కి మూత్రనాళం మూసుకుపోతే కిడ్నీ ఉబ్బిపోయి ఉంటది, ఉబ్బిన నాళంలో ఎఫ్‌డీజీ కలిసిన మూత్రం నిలిచిపోయి పెట్‌లో అచ్చం నోడ్ లాగా కనబడతది. పైగా వారం వారం ఇచ్చే కీమో మందు సిస్ప్లాటిన్‌కి (ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 40 మి.గ్రా.) కిడ్నీ బాగుండాలి, ఎమ్మారైలో గాడోలినియం (కాంట్రాస్ట్ మందు) ఇవ్వాలన్నా క్రియాటినిన్ చూడాలి. స్టెంట్ అవసరమైతే ముందే వేయించుకోండి.

స్టెప్ 3: పెట్ రోజు పొద్దున

చెడిపోయే స్కాన్లలో ఎక్కువ ఇక్కడే చెడిపోతాయి, మిషన్ దగ్గర కాదు. ఎఫ్‌డీజీ అంటే రేడియోయాక్టివ్ ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్ లాంటి పదార్థం, ఎక్కువ గ్లూకోజ్ తినే కణాల్లోకి పోయి అక్కడే ఇరుక్కుపోతది. రక్తంలో మామూలు షుగర్ ఎక్కువుంటే రెండూ పోటీ పడి గడ్డ సరిగా మెరవదు. అందుకే ఆరు గంటలు ఉపవాసం, మంచినీళ్ళు మాత్రం దండిగా తాగొచ్చు. షుగర్ 200 దాటితే చాలా సెంటర్లు వాయిదా వేస్తాయి. ముందు రోజు రాత్రి అన్నం తగ్గించి గుడ్లు, చేపలు, కూరలు తినమనండి. చేపల పులుసు అంటే మనోళ్ళకి పక్కన అన్నం లేకుండా ముద్ద దిగదు, కాబట్టి వేపుడు అని స్పష్టంగా చెప్పండి.

మనకి ఇంకో బాధ ప్రయాణం. ఒంగోలులోనో, కావలిలోనో, నెల్లూరులోనో పినాకిని ఎక్కి చెన్నై పోయేవాళ్ళు మధ్యాహ్నానికి దిగుతారు, రైల్లో ఇడ్లీ, వడ, కాఫీ అని అరుస్తా తిరుగుతుంటే షుగర్ ఉన్న పెద్దమ్మ ఖాళీ కడుపుతో అంతసేపు కూర్చోవాలి. అట్టాంటివాళ్ళకి ముందు రోజే పోయి అక్కడ పడుకుని పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోమని చెప్పండి, తిరుపతి పోయినా గుంటూరు పోయినా ఇదే. వెంటనే పని చేసే ఇన్సులిన్ వేసుకుంటే కనీసం నాలుగు గంటలు ఆగాలి, లేకపోతే ఎఫ్‌డీజీ అంతా కండల్లోకి పోతది. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి పేగులు వెలిగిపోతాయి, 48 గంటలు ఆపమని చెప్పే సెంటర్లు ఉన్నాయి కానీ షుగర్ డాక్టరుని అడక్కుండా ఆపొద్దు.

ఇంజెక్షన్ తర్వాత ఒక గంట కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. ఆకు వక్క నమిలే అలవాటున్న అమ్మలకి గట్టిగా చెప్పండి, దవడ కండలన్నీ పట్టేసుకుంటాయి. ఏసీ గదిలో వణికితే మెడ దగ్గర కొవ్వు మెరిసి మెడ నోడ్స్ చూడటం కష్టమవుద్ది, దుప్పటి ఇవ్వండి. స్కాన్‌కి ముందు మూత్రం పోయించాలి, ఎందుకంటే ఎఫ్‌డీజీ మూత్రంలో బయటికి పోతది, నిండిన బ్లాడర్ వెలుగుకి పక్కనున్న సర్విక్స్ (గర్భసంచి మూతి) కొట్టుకుపోతది. అనుమానంగా ఉంటే ఫ్రూసిమైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) ఇచ్చి, నీళ్ళు తాగించి, మూత్రం పోయించి ఒక్క పెల్విస్‌కే మళ్ళీ లేటుగా తీస్తే మూత్రం ఏదో గడ్డ ఏదో తేలిపోతది.

ఇంటికి పోయినాక చంటిబిడ్డని, కడుపుతో ఉన్న కోడల్ని ఆ రోజుకి దూరంగా ఉండమంటే చాలు. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకి సగమవుద్ది, తెల్లారేసరికి లెక్కలోకి రానంత మిగులుద్ది.

స్టెప్ 4: సీడీ తెచ్చుకోండి, కాగితం కాదు

వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌తో ప్లానింగ్ అవదు. నిగనిగలాడే రంగు ఫోటోలతో కూడా అవదు. డైకామ్ ఫైళ్ళు (స్కాన్ అసలు బొమ్మల ఫైళ్ళు) మొత్తం సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో కావాలి, పెట్ సిరీస్ (ఒంట్లో ఆగిపోయిన కిరణాల లెక్క, అంటే అటెన్యుయేషన్, సరిచేసింది), దానితో తీసిన సీటీ, రెండూ. ఇది పేషెంట్ అటెండర్‌కి చీటీ మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్తే తిరుగు బస్సు ఎక్కినాక గుర్తొస్తది.

పెట్ సెంటర్‌లో ఫ్లాట్ టేబుల్ వేసి, మన దగ్గర వాడే మోకాలి సపోర్ట్ పెట్టి, లేజర్‌తో సరిచేసి తీయించగలిగితే అంతకంటే కావాల్సింది లేదు. కానీ వేరే ఊళ్ళో తీసిన స్కాన్లకి అది కుదరదు, వంపు టేబుల్ మీద, చేతులు పైకెత్తి, బ్లాడర్ ఖాళీగా తీసి ఉంటారు. మన ప్లానింగ్ సీటీనేమో బ్లాడర్ నింపి తీస్తాం. ఇట్టాంటప్పుడు ఎముకల మీద రిజిడ్ ఫ్యూజన్ (సాగదీయకుండా ఒక బొమ్మ మీద ఇంకోటి పేర్చడం) చేసి సేక్రమ్, ఐదో లంబార్, తుంటి ఎముకల తలలు కలిశాయా లేదా ఒక్కొక్కటీ చూడండి. పెల్విస్ గోడకి అంటుకుని ఉండే నోడ్స్‌కి ఇది బాగానే సరిపోతది. గర్భసంచికి మాత్రం సరిపోదు, బ్లాడర్ నిండితే అది ఎటు వాలుద్దో దానికే తెలియదు. డిఫార్మబుల్ ఫ్యూజన్ (బొమ్మని సాగదీసి కలిపేది) బటన్ నొక్కితే అన్నీ చక్కగా కలిసినట్టు కనిపిస్తాయి, ఆ చక్కదనం చూసే నాకు భయం. అవయవమే అటునించి ఇటు జరిగినప్పుడు సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒకచోట సాగదీసే ఉంటది.

మన దగ్గర ప్లానింగ్ సీటీ రెండు తీయండి, ఒకటి బ్లాడర్ నింపి, ఒకటి ఖాళీ చేసి. రెండిట్లో గర్భసంచి ఎంత తిరిగిందో చూసి ఐటీవీ (ఆ కదలికంతా కలుపుకున్న టార్గెట్) గీయాలి. వీలైతే ఎమ్మారై కూడా అదే రోజు, అదే పొజిషన్‌లో.

స్టెప్ 5: పెట్‌ని చదవడం

రాత్రిపూట సముద్రం వైపు రోడ్డులో పోతా రొయ్యల చెరువుల లైట్లు చూస్తే లైటు ఎక్కడుందో తెలుస్తది, స్తంభం ఎంత లావో తెలీదు. పెట్ అంతే. నాలుగైదు మిల్లీమీటర్ల కంటే సన్నగా అది చూడలేదు, అంచులన్నీ అలుక్కుపోయి ఉంటాయి, స్క్రీన్ మీద విండో మార్చితే గడ్డ సైజే మారిపోతది. అందుకే విండో ఎప్పుడూ ఒకేలాగ పెట్టుకోండి, లివర్‌తో పోల్చి చూడటం మంచి అలవాటు. ఎస్‌యూవీ (ఎఫ్‌డీజీ ఎంత పట్టిందో చెప్పే అంకె) గరిష్ఠంలో 40 శాతం దగ్గర గీత గీయమని సాఫ్ట్‌వేర్ చెప్తది, పెద్ద గడ్డకి అది దగ్గరగానే ఉంటది, చిన్న నోడ్‌కి తప్పుతది, పక్కనే బ్లాడర్ ఉంటే అది కూడా గీతలోకి వచ్చేస్తది. వాటంతట అవి వచ్చిన గీతలని ఎక్కడ చూడాలో చెప్పే గుర్తుగా తీసుకోండి అంతే.

మెరిసిందల్లా కాన్సర్ కాదు, మన జిల్లాల్లో అయితే మరీను. టీబీ నోడ్స్ బ్రహ్మాండంగా మెరుస్తాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకి ఛాతీ మధ్యలో రెండు వైపులా సమానంగా నోడ్స్ మెరిస్తే ముందు దుమ్ముని అనుమానించాలి, కాన్సర్ పాకడాన్ని (మెటాస్టాసిస్) కాదు. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ ఎముకలు సీటీలో తెల్లగా దట్టంగా ఉండొచ్చు, ఎఫ్‌డీజీ పట్టిందా లేదా చూడకుండా ఎముకలకి పాకింది అని రాసేయొద్దు. పెల్విస్ నోడ్స్ ఏమీ లేకుండా మెడలోనో ఛాతీలోనో ఒక్కటే మెరిస్తే సూదితో తీసి టెస్ట్ చేయించండి, ఒక స్కాన్ చుక్కని చూసి నయమయ్యే జబ్బుని నయం కాని లెక్కలో వెయ్యకూడదు.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. మెరవనిదల్లా మంచిది కాదు. చిన్న నోడ్స్, లోపల కుళ్ళిపోయిన నోడ్స్, మ్యూసిన్ (జిగురు పదార్థం) ఎక్కువుండే రకాలు పెట్‌కి చిక్కవు. ఫ్రాన్స్ వాళ్ళు 2013లో వేసిన స్టడీలో అయోర్టా పక్కన పెట్ నెగటివ్ వచ్చినవాళ్ళకి ల్యాప్రోస్కోపీ చేసి చూస్తే సుమారు 12 శాతం మందిలో అక్కడ నోడ్స్‌లో జబ్బు దొరికింది. కాబట్టి పెట్ క్లీన్‌గా ఉంది గదా అని మామూలుగా కవర్ చేసే నోడ్స్ ఏరియాని తగ్గించడం తప్పు. పెట్ మన ఫీల్డ్‌ని పెంచొచ్చు, తగ్గించకూడదు.

స్టెప్ 6: డిఫ్యూజన్ ఎమ్మారై

ఇది నీటి కదలికని చూస్తది. కణాలు ఇరుకుగా కిక్కిరిసి ఉన్న గడ్డలో నీళ్ళు కదలడానికి చోటుండదు, అందుకని ఎక్కువ బీ వాల్యూ (నీటి కదలికని ఎంత గట్టిగా పట్టాలో చెప్పే సెట్టింగు; 800, 1000) బొమ్మలో తెల్లగా, ఏడీసీ మ్యాప్‌లో (నీరు ఎంత కదిలిందో లెక్కకట్టిన బొమ్మ) నల్లగా వస్తది. రెండూ కలిపి చూస్తేనే అర్థం. తెల్లగా ఉంది కానీ ఏడీసీలో కూడా తెల్లగానే ఉంటే అది టీ2 నించి కారిన వెలుగు, గడ్డ కాదు. ఏడీసీ నంబరు మిషన్‌కి మిషన్‌కి మారుతుంటది, వేరే ఊరి స్కాన్‌తో నంబర్లు పోల్చొద్దు.

పేగు కదలకుండా హయోసిన్ ఇంజెక్షన్ ఇవ్వండి, రెక్టమ్ ఖాళీ చేయించండి. రెక్టమ్‌లో గ్యాస్ ఉంటే డిఫ్యూజన్ బొమ్మ వంగిపోయి గడ్డ కొన్ని మిల్లీమీటర్లు పక్కకి జరిగినట్టు కనిపిస్తది. ఈ ఒక్క కారణానికే డిఫ్యూజన్ బొమ్మ మీద నేరుగా గీయొద్దనేది. టీ2 మీద గీస్తా, పారామెట్రియంలోకి పోయిందా లేదా అని సందేహం వచ్చిన చోట డిఫ్యూజన్ తెరిచి చూసుకోండి. సర్విక్స్‌కి అడ్డంగా వాలుగా తీసిన టీ2 లేకపోతే పారామెట్రియం గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మడం కష్టం. బయాప్సీ అయిన వెంటనే తీస్తే రక్తం కూడా తికమక పెడతది.

కాంట్రాస్ట్ ఇచ్చి వరుసగా తీసే పర్ఫ్యూజన్, ఆక్సిజన్ తక్కువున్న చోటు చూపించే ఎఫ్‌మిసో పెట్ లాంటివి రీసెర్చిలో ఉన్నాయి, రోజువారీ ప్లానింగ్‌కి మనకి అవసరం లేదు.

స్టెప్ 7: గీతలు, డోసు

ముందు నోడ్స్ లిస్టు రాయండి: ఏ లెవెల్, సైజు ఎంత, పెట్‌లో పట్టిందా, సీటీలో ఎట్టా ఉంది, బూస్ట్ ఇస్తన్నామా. ఈ లిస్టు లేకుండా గీతలు మొదలుపెడితే ఒకటి మిస్సవడం ఖాయం. నోడ్ జీటీవీ (కంటికి కనిపించే జబ్బు గీత) గీసేది ప్లానింగ్ సీటీ మీద కనిపించే నోడ్ చుట్టూ, పెట్ రంగు చుట్టూ కాదు.

ఎంబ్రేస్-2 (గర్భసంచి మూతి కాన్సర్ రేడియేషన్ మీద అంతర్జాతీయ స్టడీ) ప్రోటోకాల్ పద్ధతి చాలామంది పాటిస్తన్నారు. అందరికీ 25 ఫ్రాక్షన్లలో 45 గ్రే (రేడియేషన్ డోసు కొలత), అదే 25 ఫ్రాక్షన్లలో కలిపి పెల్విస్ లోపలి నోడ్స్‌కి 55 గ్రే, పెల్విస్ బయట పైనున్న వాటికి 57.5 గ్రే. కిందవాటికి ఎందుకు తక్కువంటే తర్వాత బ్రాకీ నించి కూడా వాటికి కొంత అందుతది. కామన్ ఇలియాక్ (అయోర్టా రెండుగా చీలిన నాళం) లెవెల్‌లోనో అంతకన్నా పైనో నోడ్ ఉన్నా, మొత్తం మూడు లేక ఎక్కువ నోడ్స్ ఉన్నా అయోర్టా పక్కన కిడ్నీ సిర దాకా ఫీల్డ్ పెంచుతారు. అక్కడ డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) నోడ్‌కి అంటుకుని ఉంటది, పెట్ గీత లావుగా గీస్తే ఆ బూస్టంతా పేగు మీద పడుద్ది, లైట్ల సంగతి చెప్పింది అందుకే.

పెట్‌తో ఇంకో ఉపయోగం ఉంది, మజ్జ కాపాడటం. పెద్దవాళ్ళలో రక్తం తయారుచేసే మజ్జలో సుమారు సగం నడుము, పెల్విస్ ఎముకల్లోనే ఉంటది, అందులో ఏ భాగం చురుగ్గా ఉందో ఎఫ్‌డీజీ చూపిస్తది. ఆ భాగాన్ని తప్పించేలాగ ఐఎంఆర్‌టీ (డోసుని కావాల్సిన ఆకారంలో మలిచే రేడియేషన్) ప్లాన్ చేస్తే న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) పడిపోవడం తగ్గుద్దని ట్రయల్స్‌లో తేలింది. అసలే హిమోగ్లోబిన్ తక్కువతో వచ్చే మన ఆడవాళ్ళకి సిస్ప్లాటిన్ వారం ఆగకుండా సాగాలంటే ఇది పనికొచ్చే విషయమే, కాకపోతే టార్గెట్ కవరేజీ పోగొట్టి మాత్రం కాదు.

స్టెప్ 8: బ్రాకీ

బయటి రేడియేషన్ చివరికి వచ్చేటప్పటికి గడ్డ కరిగిపోయి ఉంటది. ఐదో వారంలో, వీలైతే అప్లికేటర్ (బ్రాకీకి లోపల పెట్టే పరికరం) లోపల పెట్టి, ఎమ్మారై తియ్యాలి. మిగిలిన గడ్డ, మొత్తం సర్విక్స్, ముందు గడ్డ ఉన్న చోట బూడిద రంగులో మిగిలిన భాగం, ఇవన్నీ కలిస్తేనే హై రిస్క్ సీటీవీ (బ్రాకీ పూర్తి డోసు అందాల్సిన టార్గెట్). డిఫ్యూజన్‌లో ఆ బూడిద భాగం మామూలుగా కనబడింది అని దాన్ని వదిలేయడానికి లేదు, డిఫ్యూజన్ పని మిగిలిన గడ్డ ఎక్కడుందో చూపించడం వరకే. టైటానియం అప్లికేటర్ అయితే దాని చుట్టూ డిఫ్యూజన్ బొమ్మ చెడిపోతది, టీ2 ఒక్కటే దిక్కు.

బయటి రేడియేషన్, బ్రాకీ రెండూ కలిపి, ఫ్రాక్షన్‌కి 2 గ్రే ఇచ్చిన లెక్కకి మార్చి చూస్తే హై రిస్క్ సీటీవీలో 90 శాతం భాగానికి కనీసం 85 గ్రే అందాలి, గురి 90 పైన. ఎమ్మారైతో బ్రాకీ చేసిన ఎంబ్రేస్-1లో 1341 మంది ఉన్నారు, ఐదేళ్ళకి లోకల్ కంట్రోల్ (ఉన్న చోట జబ్బు మళ్ళీ రాకుండా ఉండటం) 92 శాతం, ఆ పేపర్ 2021లో వచ్చింది. మీ దగ్గర అప్లికేటర్‌తో ఎమ్మారై కుదరకపోతే బ్రాకీకి ఒకట్రెండు రోజుల ముందు ఎమ్మారై తీసి, ఓటీలో చేత్తో పరీక్ష చేసినప్పుడు బొమ్మ వేసుకుని, సీటీ మీద ప్లాన్ చెయ్యండి. ఆ చేతి బొమ్మని తక్కువ చెయ్యొద్దు.

మిగతా కాన్సర్లకి క్లుప్తంగా: ఆపరేషన్ అయిన ఎండోమెట్రియం (గర్భసంచి లోపలి పొర) కాన్సర్ కేసులో వెజైనా పైభాగానికి బ్రాకీ ఒక్కటే అయితే పెట్, డిఫ్యూజన్ లాంటి ఫంక్షనల్ స్కాన్ ఏమీ అక్కర్లేదు, మళ్ళీ వచ్చిన జబ్బు అయితే కావాలి. వల్వా (బయటి జననాంగం) కాన్సర్‌లో గజ్జల నోడ్స్‌ని పెట్ చూపిస్తది కానీ పుండ్లకి ఇన్ఫెక్షన్ ఉన్నా అవి మెరుస్తాయి, సూది పరీక్ష తప్పనిసరి.

స్టెప్ 9: మూడు నెలల స్కాన్

ట్రీట్‌మెంట్ అయిపోయిన మూడు నెలలకి పెట్ తియ్యాలి, అంతకంటే ముందు తీస్తే రేడియేషన్ వాపే మెరిసి ఇంటిల్లిపాదినీ ఏడిపిస్తది. 2007లో అమెరికాలో సెయింట్ లూయిస్ వాళ్ళు వేసిన పేపర్‌లో ఈ మూడు నెలల పెట్‌లో మెరుపు పూర్తిగా ఆరిపోయినవాళ్ళలో మూడేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు 78 శాతం, కొంత మిగిలినవాళ్ళలో 33 శాతం. మిగిలింది అని వస్తే బయాప్సీ చేసి చూడాలి, సర్జరీ కుదురుద్దేమో అడగాలి, ఇంకో మూడు నెలలు చూద్దాం అని ఊరుకోకూడదు. మొదట తీసిన సెంటర్‌లోనే, అదే మిషన్‌లో, అదే ఉపవాసంతో తీయించండి, పాత సీడీ చేతిలో పెట్టి పంపండి. మార్కాపురం, ఉదయగిరి లాంటి దూరం ఊళ్ళవాళ్ళకి డిశ్చార్జి రోజే తేదీ ఫిక్స్ చేసి, ఫోన్ ఎత్తే కొడుకుదో కూతురిదో నంబరు తీసుకుని, స్కాన్‌కి వారం ముందు డిపార్ట్‌మెంట్ నించే ఫోన్ చెయ్యండి. నొప్పి తగ్గింది, రక్తం ఆగింది, ఇంకెందుకు స్కాన్ అనుకుని ఆగిపోయేవాళ్ళు ఎక్కువ.